ఉన్నత పాఠశాలల సంస్థాగత సంస్కృతి

పాఠశాల సంస్థాగత సంస్కృతి అనగా ఒక పాఠశాలలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఇతర సిబ్బంది ఎవరూ ప్రత్యేకంగా చెప్పకుండానే పాటించే అలవాట్లు, విలువలు, నమ్మకాల సముదాయం. ప్రభుత్వ ఉత్తర్వులు, పాఠ్యపుస్తకాలు, పరీక్షలు అన్నీ ఒకటే అయినా ఒకే మండలంలోని రెండు ఉన్నత పాఠశాలలు వేరువేరుగా నడవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఈ వ్యాసంలో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవడం జరిగింది.

భావన

అమెరికన్ సామాజిక మనస్తత్వవేత్త ఎడ్గార్ షైన్ 1985లో ప్రచురించిన గ్రంథంలో సంస్థల సంస్కృతిని మూడు పొరలుగా వివరించాడు. పైకి కనిపించేవి మొదటి పొర. బడిలో ప్రార్థన, గంట, గోడమీది సూక్తులు ఇటువంటివి. సంస్థ తాను నమ్ముతున్నానని చెప్పుకొనే విలువలు రెండవ పొర. ఎవరూ ప్రశ్నించని లోపలి నమ్మకాలు మూడవది. "ఫలానా పేట పిల్లలకు లెక్కలు రావు" అని ఉపాధ్యాయుల గదిలో అందరూ అనుకుంటూ ఉంటే, గోడమీద ఎన్ని సూక్తులు రాసినా ఆ బడి సంస్కృతి ఆ నమ్మకమే.

1966లో అమెరికాలో వెలువడిన కోల్‌మన్ నివేదిక విద్యార్థి చదువులో బడి కంటే కుటుంబ నేపథ్యానిదే ఎక్కువ పాత్ర అన్న అభిప్రాయానికి బలమిచ్చింది. దీనికి భిన్నంగా మైకేల్ రట్టర్, ఆయన సహచరులు లండన్ నగరంలోని 12 మాధ్యమిక పాఠశాలలను పరిశీలించి 1979లో తమ ఫలితాలను ప్రకటించారు. ఇంటిపని ఇచ్చి దిద్దడం, తరగతిని వేళకు మొదలుపెట్టడం, మెచ్చుకోవడం, పిల్లలకు బాధ్యతలు అప్పగించడం వంటివి ఉన్న బడులలో హాజరు, ప్రవర్తన, పరీక్షా ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని వారు గమనించారు. భవనం పాతదా కొత్తదా అన్నది అంత ముఖ్యం కాలేదు. మన పాఠశాలల గురించి మాట్లాడేటప్పుడు ముందుగా భవనాల ప్రస్తావనే వస్తుంది కనుక ఈ విషయం గుర్తుంచుకోదగినది.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతం

ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలోనే ఉండేవి. జిల్లాల పునర్విభజన తరువాత తెనాలి గుంటూరు జిల్లాలో ఉండగా, రేపల్లె కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. ఇక్కడ జిల్లా పరిషత్, పురపాలక, ఎయిడెడ్, ప్రైవేటు ఉన్నత పాఠశాలలు పక్కపక్కనే కనిపిస్తాయి.

కృష్ణా డెల్టాలో బడి హాజరు వ్యవసాయపు పనులతో ముడిపడి ఉంటుంది. నాట్లు, కోతల రోజులలో కూలి కుటుంబాల పిల్లలు తరగతిలో తగ్గుతారు. నిజాంపట్నం వంటి తీరగ్రామాలలో చేపల వేట కూడా ఇటువంటిదే. హాజరు పట్టీలో సున్నా చుట్టి ఊరుకొనే బడి ఒకటి, రెండవ రోజే ఇంటికి కబురు చేసే బడి ఒకటి. ఈ కబురు చేయమని ఏ ఉత్తర్వూ అవసరం లేదు. పదవ తరగతి పాఠాలు సంక్రాంతికి ముందే ముగించి పునశ్చరణ మొదలుపెట్టడం, ఉదయం సాయంత్రం చదువు గంటలు నడపడం దాదాపు అన్ని బడులలోనూ ఉన్నదే. దిద్దిన జవాబు పత్రాలు పిల్లల చేతికి ఎన్ని రోజులలో తిరిగి వస్తాయన్న చోటనే తేడా బయటపడుతుంది.

గుంటూరు జిల్లాలోని తాడికొండ గురుకుల పాఠశాల ఈ చర్చలో తప్పక వస్తుంది. 1971లో సర్వేల్‌లో తొలి గురుకులం ప్రారంభమైన తరువాత కోస్తా ప్రాంతానికి తాడికొండలోను, రాయలసీమకు కొడిగెనహళ్ళిలోను ఇటువంటి పాఠశాలలు వెలిశాయి. ఉపాధ్యాయులు, విద్యార్థులు ఒకే ఆవరణలో నివసించడం వీటి బలం. అయితే ప్రవేశ పరీక్షతో ఎంపికైన పిల్లల ఫలితాలను, వచ్చిన వారినందరినీ చేర్చుకొనే జిల్లా పరిషత్ పాఠశాల ఫలితాలతో పోల్చడం న్యాయం కాదు.

బదిలీల ప్రభావం

ఆంధ్రప్రదేశ్ బదిలీ నిబంధనల ప్రకారం ప్రధానోపాధ్యాయుడు ఒకే పాఠశాలలో 5 విద్యా సంవత్సరాలు, ఉపాధ్యాయులు 8 విద్యా సంవత్సరాలు పూర్తిచేస్తే బదిలీ తప్పనిసరి. మారుమూల బడులకు కూడా అనుభవజ్ఞులు చేరడానికి ఇది అవసరమే. కాని ఒక్క ప్రధానోపాధ్యాయుని పట్టుదలమీద నిలిచిన పద్ధతులు ఆయనతోనే వెళ్ళిపోతాయి. సీనియర్ ఉపాధ్యాయులు కొత్తవారికి పని అప్పగించే అలవాటు ఉన్నచోట మాత్రం అవి కొంతకాలం మిగులుతాయి.

ఫలితాల కొలమానం

పదవ తరగతి ఫలితాలలో 2012లో మార్కులకు బదులు గ్రేడ్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి తిరిగి మార్కులు ప్రకటిస్తున్నారు. ఏ పద్ధతిలోనైనా ఉత్తీర్ణతా శాతాన్ని పరీక్ష రాసిన వారినుండే లెక్కిస్తారు. నిర్బంధ విద్యాహక్కు చట్టం 14 ఏళ్ళ లోపు పిల్లలకు, 8వ తరగతి వరకే వర్తిస్తుంది. అందువలన 9వ తరగతిలో వెనుకబడిన విద్యార్థిని మెల్లగా బయటికి పంపించి నూరుశాతం సాధించే వీలు ఏ బడికైనా ఉంది. అటువంటి నూరుశాతాన్ని మంచి సంస్కృతికి గుర్తుగా తీసుకోరాదు. 9వ తరగతిలో చేరిన వారిలో ఎందరు పదవ తరగతి పరీక్ష రాశారు, రాయనివారు ఎక్కడికి వెళ్ళారు అన్నది ప్రవేశ పట్టిక, బదిలీ పత్రాల ద్వారా తెలుస్తుంది. తల్లిదండ్రులు సాధారణంగా ఈ వివరాలు అడగరు.

2024 డిసెంబరు 7న రాష్ట్రవ్యాప్తంగా ప్రభుత్వ పాఠశాలలలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ బాపట్ల పురపాలక ఉన్నత పాఠశాలలో జరిగిన సమావేశానికి హాజరయ్యారు. ఇటువంటి సమావేశాలలో మార్కుల పత్రాలతో పాటు పై లెక్కను కూడా తల్లిదండ్రుల ముందు ఉంచవచ్చు.