విమానాశ్రయం నుంచి ఊరికి దారి: బేగంపేట మొదలు శంషాబాదు దాకా



మా పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి విమానం ఎక్కేవారిలో పొట్ట చేతపట్టుకొని పోయేవారు ఎందరో. ఏ గల్ఫు దేశానికి పోయినా "దుబాయి పోయిండు" అనడమే మావైపు వాడుక. నా దగ్గర పద్యాలు వల్లెవేసిన పిల్లలలోనే అట్లా పోయినవారు చాలామంది ఉన్నారు. వారికి విమానం ఎంత ముఖ్యమో, విమానం దిగిన తరువాత ఊరు చేర్చే బస్సూ రైలూ అంతే ముఖ్యం. మన రాజధానిలో ఈ నేలమీది దారి ఎట్లా ఏర్పడిందో తరచి చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. ఆ సంగతి మీతో పంచుకోవాలనే ఈ టపా.

ముందు పాత కథ. వాడి నుంచి సికింద్రాబాదుకు రైలుమార్గం 1874లో వచ్చింది. మా పెద్దపల్లి మీదుగా పోయే కాజీపేట - బల్లార్షా మార్గం 1929 నాటికి పూర్తయి, ఉత్తర దక్షిణ భారతాలను కలిపింది. 1932లో నిజాము ప్రభుత్వ రైల్వేయే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. నేటి మన ఆర్టీసీకి మూలపురుషుడు ఆ శాఖే. అంటే రైలును నడిపే చేయే బస్సునూ నడిపింది. రైలు ఆగినచోట బస్సు అందుకోవాలన్న ఆలోచన మన నేలకు కొత్త కాదన్నమాట.

బేగంపేట విమానాశ్రయం కూడా ఆ 1930ల దశకంలోనే వెలసింది. 1945లో నిజాము ప్రభుత్వమూ టాటాలూ కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించారు. 1953 జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. నగరం పెరిగి పెరిగి బేగంపేటను చుట్టుముట్టింది. విమానాలకు అది ఇరుకైనా ప్రయాణికునికి మాత్రం సదుపాయమే అయింది. గేటు దాటి బయటికి వస్తే సిటీ బస్సు. కాస్త దూరంలో బేగంపేట రైల్వే స్టేషను. సికింద్రాబాదు స్టేషను మరికొంత దూరం. అక్కడ రైలెక్కితే మళ్ళీ దిగేది పెద్దపల్లిలోనే.

2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళు సికింద్రాబాదు నుండి బేగంపేట మీదుగా లింగంపల్లికి నడవసాగాయి. విమానాశ్రయానికి చేరువలోనే చవక రైలు వచ్చిందని సంతోషించేలోగా, అయిదేళ్ళు నిండకముందే, 2008 మార్చి 23న విమానాలన్నీ శంషాబాదుకు తరలిపోయాయి. మరో తొమ్మిదేళ్ళకు, 2017 నవంబరులో, మెట్రో రైలు వచ్చి ఆ పాత విమానాశ్రయం పక్కనుంచే పోయింది! ప్రకాశ్‌నగర్, రసూల్‌పురా స్టేషన్లు దాటుతున్నప్పుడు కిటికీలోంచి చూడండి. విమానాలు ఉన్ననాళ్ళూ లేని రైలు, విమానాలు పోయాక ముంగిట నిలిచింది.

శంషాబాదుకు మొదట వచ్చింది రోడ్డు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లు దాటిన పొడవైన వంతెనదారిని 2009 అక్టోబరులో తెరిచి పి.వి. నరసింహారావుగారి పేరు పెట్టారు. మా మంథని నుండి శాసనసభకు ఎన్నికైన మహనీయుని పేరది, మాకది గర్వకారణమే. అయితే కారున్నవానికి దక్కినంత సుఖం ఆ దారి వల్ల మూటాముల్లెతో వచ్చినవానికి దక్కలేదు. అతని భారం మోసింది బస్సే. మొదట్లో ఏరో ఎక్స్‌ప్రెస్ పేరిట, తరువాత ఆర్టీసీ వారి పుష్పక్ పేరిట ఏసీ బస్సులు తిరిగాయి. 2019 మార్చిలో 40 విద్యుత్ బస్సులు కూడా ఈ సేవలో చేరాయి.

పుష్పక్ అన్న పేరు తెలుగు పండితుడనైన నన్ను ఆకట్టుకుంది. కుబేరుని పుష్పకాన్ని రావణుడు అపహరించాడు. రావణవధానంతరం శ్రీరాముడు సపరివారంగా దానిలో అయోధ్య చేరి, దాన్ని తిరిగి కుబేరునికే పంపించాడు. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని లోకంలో ప్రతీతి. ఇల్లు విడిచి ఏళ్ళు గడిచినవారిని స్వస్థలానికి చేర్చిన వాహనం పేరు బస్సుకు పెట్టినవారెవరో గాని, రసికులే!

ఒకనాటి తెల్లవారుజామున జూబ్లీ బస్ స్టేషన్‌లో కరీంనగరం బస్సు కోసం కూర్చున్నాను. తాళ్ళతో బిగించిన అట్టపెట్టెతో ఒక యువకుడు పక్కన చేరాడు. "దుబాయి నుంచి నాలుగు గంటల్ల ఒచ్చిన సారూ! ఇగ ఈడికెల్లి ఇల్లు చేరెతందుకు ఎన్ని గంటలైతదో!" అన్నాడు. శంషాబాదు నుంచి అక్కడికి ఒక బస్సు, అక్కణ్ణుంచి కరీంనగరానికి రెండోది, ఆపై ఊరికి మూడోది. ఏడు సముద్రాలు ఈది ఇంటివెనక కాలువలో మునగడమంటే ఇదే గదా అనిపించింది.

లోకంలో ఇతరులు ఏం చేశారు? ఇంగ్లండులోని గాట్విక్‌లో 1936లోనే విమానాశ్రయ భవనం నుంచి రైల్వే స్టేషనుకు నేలకింద నడకదారి వేశారు. మన పొరుగున చెన్నైలో తిరుశూలం రైల్వే స్టేషను విమానాశ్రయానికి ఎదురుగానే ఉన్నది; 2016లో మెట్రో కూడా అక్కడికి చేరింది. ఇక్కడ ఎంఎంటీఎస్ రెండో దశలో విమానాశ్రయం దాకా రైలు వేయాలని తొలుత తలపెట్టారు. 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన మార్గం మాత్రం ఉందానగర్ దగ్గర, కొద్ది కిలోమీటర్ల ఇవతలనే ఆగింది. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి 31 కిలోమీటర్ల విమానాశ్రయ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడు ప్రభుత్వం మారి ఆ మార్గాన్ని పక్కన పెట్టింది. నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా కొత్త మార్గాన్ని రూపొందించి 2024లో కేంద్రానికి పంపింది.

ఇంతకూ నే చెప్పదలచినది ఒక్కటే. మన చరిత్రలో విమానాలు ముందు పోయాయి, పట్టాలు వెనకబడ్డాయి. విమానాశ్రయంతో పాటు కదలి వెళ్ళినది బస్సొక్కటే. మెట్రో రేపు రావచ్చు, రావాలి కూడా. అది వచ్చిందని అర్ధరాత్రి దిగేవానికి ఉన్న బస్సును తగ్గించరాదు. విమానాల వేళలు రైళ్ళ వేళలను అడిగి రావు. సికింద్రాబాదు స్టేషనునూ జూబ్లీ బస్ స్టేషన్‌నూ ఉత్తర తెలంగాణ ప్రజలకు విమానాశ్రయ ద్వారాలుగా భావించి, ఏ వేళ దిగినా అక్కడికి ఒక బస్సు, అక్కడ మా ఊళ్ళ వైపు మరొక బస్సు సిద్ధంగా ఉంచితే చాలు. 1932లో రైలూ బస్సూ ఒకే చేతిమీద నడిపినవారికి తట్టిన ఆలోచన నేడు మనకు కొరుకుడు పడనిది కాదు.

బేగంపేట రోజులు ఎరిగినవారు, ఇతర దేశాలలో ఉన్న మిత్రులు తమ ఊళ్ళ విమానాశ్రయ ప్రయాణాల ముచ్చట్లు వ్యాఖ్యలలో తెలియజేస్తే సంతోషిస్తాను.

స్వస్తి.