తాత్కాలిక గూడు – శాశ్వత నీడ



కోడంబాక్కం అనగానే మనకు స్టూడియోలు గుర్తుకొస్తాయి. తెలుగు సినిమా దశాబ్దాల పాటు ఆ చుట్టుపక్కలే పెరిగింది. వడ్రంగులు, పెయింటర్లు కలిసి చెక్కతో, గుడ్డతో కొద్ది రోజుల్లోనే మేడ సెట్టు నిలబెట్టేవారు. షూటింగు కాగానే విప్పేసేవారు. అదే నగరంలో పేవ్‌మెంటు మీద పడుకునే మనిషికి ఒక తాత్కాలిక గూడు కట్టలేమా అని మీరు అడగవచ్చు. కట్టగలం, కట్టారు కూడా. ఆ గూడు తర్వాత ఏమిటన్నదే అసలు ప్రశ్న.

1906లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం భూకంపానికి, ఆ వెంటనే రేగిన మంటలకు నాశనమైంది. నిరాశ్రయుల కోసం పార్కుల్లో 5,610 చిన్న చెక్క ఇళ్ళు కట్టారు. నెలకు 2 డాలర్ల చొప్పున 50 డాలర్లు చెల్లిస్తే ఇల్లు సొంతం. శిబిరాలు మూసేటప్పుడు చాలామంది ఆ ఇళ్ళను గుర్రపు బండ్ల మీద తమ స్థలాలకు తరలించుకున్నారు. కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి.

అదే దేశంలో 2005లో కత్రినా తుఫాను వచ్చింది. ఇళ్ళు పోయిన వేలాది కుటుంబాలను చక్రాల మీద నడిచే ట్రెయిలర్లలో ఉంచారు. నెలల మాట సంవత్సరాలైంది. 2008లో ప్రభుత్వ పరీక్షల్లో ఆ ట్రెయిలర్ల గాలిలో ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు ఎక్కువగా ఉందని తేలింది.

ఇక మన పొరుగున ఉన్న చెన్నై సంగతి. 1970లో తమిళనాడులో మురికివాడల నిర్మూలన బోర్డు ఏర్పడింది. తొలి రోజుల్లో గుడిసెలు ఉన్నచోటే మేడ ఇళ్ళు కట్టే పద్ధతి ఉండేది. 2000 ప్రాంతం నుంచి పేదలను నగరం వెలుపల కన్నగి నగర్ వంటి చోట్లకు తరలించడం ఎక్కువైంది. కోడంబాక్కం నుంచి అది 15 కిలోమీటర్ల పైనే. ఇళ్ళలో పాచిపని చేసుకునే తల్లికి ఆ దూరమంటే బస్సు చార్జీ, పోయిన పని, బడి మానిన బిడ్డ. 2004 సునామీ తర్వాత తిరువొత్తియూరు కార్గిల్ నగర్‌లో వేసిన తాత్కాలిక షెడ్లు మరుసటి ఏటి వానలకు నీళ్ళలో చిక్కుకున్నాయి.

ఇది పరాయివాళ్ళ కథ కాదు. చెన్నై వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మన సరిహద్దు జిల్లాల నుంచి పనికోసం వెళ్ళేవారు ఇప్పటికీ ఉన్నారు.

2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్, ప్రతి లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే శాశ్వత ఆశ్రయం ఉండాలని నిర్దేశించింది. అందులో 'శాశ్వత' అన్న మాట గమనించండి.

ఆపద వేళ రేకుల షెడ్డయినా, ట్రెయిలరయినా దేవుడిచ్చిన వరమే. కాని మీ ఊళ్ళో ఎవరైనా తాత్కాలిక ఇళ్ళు ఇస్తామని వస్తే మూడు ప్రశ్నలు వేయండి. అసలు ఇల్లు ఎక్కడ? ఎప్పటికి? పట్టా ఎవరి పేరున? జవాబులు కాగితం మీద రాయించుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కో పేదవాడు ఇంటిని బండి మీద తోలుకుపోగలిగాడంటే, అది దించుకోవడానికి అతనికి జానెడు నేల ఉంది కాబట్టే.