నిక్షేపం

'నిక్షేపంలాంటి ఉద్యోగం వదులుకున్నాడు' అంటుంటాం. సంస్కృతంలో 'క్షిప్' ధాతువుకు వేయడం, ఉంచడం అని అర్థం. నమ్మి ఒకరి దగ్గర దాచుకున్న సొమ్ము నిక్షేపం. మనుస్మృతి చెప్పిన 18 వ్యవహారాల్లో రెండోది ఈ సొమ్ము తగాదాయే. పాతిపెట్టిన ధనానికీ ఆ పేరే వచ్చింది. ఇప్పుడు చమురు, గ్యాస్ నిక్షేపాలంటున్నాం.

భూమి ఎంత దాచిందో ఎవరూ లెక్క రాసి ఇవ్వలేదు. సీస్మిక్ సర్వేతో రాతిపొర విస్తీర్ణం, బావి తవ్వి మందం తెలుసుకుంటారు. ఇసుకరాయిలో రేణువుల మధ్య ఖాళీ ఎంత, అందులో నీరు పోగా చమురెంత? ఇవన్నీ గుణిస్తే 'ఉన్నది' తేలుతుంది. పైకి వచ్చేటప్పుడు చమురులో కరిగిన గ్యాస్ విడిపోతుంది, పరిమాణం తగ్గుతుంది. ఆ తరుగూ తీసేయాలి. ఇంతా చేస్తే, 'తీయగలిగింది' అందులో కొంతే.

అదీ మారుతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో కేజీ-డీ6లోని డీ1, డీ3 క్షేత్రాల నుంచి సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ వస్తుందని 2006లో అంచనా వేశారు. 2012 నాటికి అది మూడో వంతుకు పడిపోయింది.

మన పత్రికలు మాత్రం రెంటినీ నిక్షేపాలనే రాస్తున్నాయి. ఉన్నదెంతో, తీయగలిగిందెంతో దయచేసి విడివిడిగా రాయండి.