థోర్‌ని దాచిన క్రైస్తవులు

గురువారానికి ఇంగ్లీషులో ఉన్న పేరు థర్స్‌డే, అంటే థోర్ రోజు. రోమన్లు జూపిటర్ పేరుతో, అంటే మన లెక్కలో గురుగ్రహం పేరుతో పిలిచిన రోజుకి జర్మానిక్ తెగలవాళ్లు తమ ఉరుముల దేవుడి పేరు పెట్టుకున్నారు. మంగళవారం టీర్‌ది, బుధవారం ఓడిన్‌ది, శుక్రవారం ఫ్రిగ్‌ది. ఎప్పుడో క్రైస్తవం పుచ్చుకున్న ఇంగ్లండు ఈ నాలుగు పేర్లనీ ఇప్పటికీ మోస్తూనే ఉంది.

ఐస్‌లాండ్ వారంలో మాత్రం థోర్ లేడు. అక్కడ గురువారం 'ఫిమ్తుదాగుర్', అంటే ఐదో రోజు. 12వ శతాబ్దం మొదట్లో హోలర్ బిషప్‌గా ఉన్న యోన్ ఓగ్‌ముండార్సన్ రోజులకి పాత దేవుళ్ల పేర్లు ఉండకూడదని వాటిని మార్పించాడని చెబుతారు. అయితే థోర్ సుత్తిని రాక్షసుడు ఎత్తుకుపోయిన కథ, ఓడిన్ జ్ఞానం కోసం ఒక కన్ను ఇచ్చేసిన కథ, లోకం మునిగిపోయే రాగ్నరోక్ కథ, మార్వెల్ సినిమాలూ 'గాడ్ ఆఫ్ వార్' గేమూ వాడుకున్నవన్నీ మనకి దాదాపుగా ఐస్‌లాండ్ నుంచే వచ్చాయి. ఇంగ్లండులో పేర్లు మిగిలి కథలు పోయాయి. ఐస్‌లాండ్‌లో పేర్లు పోయి కథలు మిగిలాయి. ఇలా ఎందుకు జరిగిందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది.

ముందు కథలు పూర్తిగా పోయిన చోటు చూద్దాం. ఇప్పటి ఉత్తర జర్మనీలో ఉండే సాక్సన్ల మీద ఫ్రాంకుల రాజు షార్లమేన్ 772లో దండెత్తాడు. మొదటి ఏడే వాళ్లు పవిత్రంగా కొలిచే ఇర్మిన్‌సుల్ అనే స్తంభాన్ని కూల్చేశాడు. ఆ యుద్ధం ముప్ఫై ఏళ్లకు పైగా సాగింది. 782లో వెర్డెన్ దగ్గర ఒక్కరోజులో 4,500 మంది సాక్సన్ల తలలు నరికించాడని ఫ్రాంకుల సొంత రాజవృత్తాంతాలే చెప్పుకున్నాయి. ఆ అంకె మీద చరిత్రకారులకి అనుమానాలున్నా, అంత గర్వంగా రాసుకున్నారంటే సంగతి అర్థమవుతుంది. తర్వాత చట్టం వచ్చింది: బాప్తిస్మం తప్పించుకుని దాక్కుంటే మరణశిక్ష, పాత పద్ధతిలో శవాన్ని దహనం చేస్తే మరణశిక్ష, లెంట్ ఉపవాసాల్లో మతాన్ని ధిక్కరించి మాంసం తింటే మరణశిక్ష. షార్లమేన్ సలహాదారు ఆల్క్విన్‌కే ఇది మింగుడుపడలేదు. మనిషిని బాప్తిస్మానికి ఈడ్చుకురావచ్చు గానీ నమ్మకానికి ఈడ్చుకురాలేమన్న అర్థంలో 796లో ఉత్తరాలు రాశాడు.

ఆ కాలం నాటి బాప్తిస్మ ప్రమాణం ఒకటి పాత సాక్సన్ భాషలో మిగిలింది. రాతప్రతి ఇప్పుడు వాటికన్ గ్రంథాలయంలో ఉంది. అందులో మతం మారే మనిషి సైతానునీ, సైతాను పనుల్నీ, వాటితోపాటు థునర్‌నీ, వోడెన్‌నీ, సాక్స్‌నోట్‌నీ వదిలేస్తున్నానని చెప్పాలి. థునర్ అంటే థోర్, వోడెన్ అంటే ఓడిన్. మరి ఈ సాక్స్‌నోట్ ఎవరు? ఇంగ్లండులో ఎసెక్స్ రాజుల వంశావళిలో ఒక పూర్వీకుడిగా తప్ప ఇంకెక్కడా దాదాపు కనబడడు. అతనికి భార్య ఉందో, ఆయుధం ఏమిటో, ఎవరితో పోట్లాడాడో తెలియదు. ఒక జాతి మొత్తం కొలిచిన దేవుడు. అతన్ని వదిలేస్తున్నానని చెప్పించిన వాక్యంలోనే అతని పేరు బతికింది. ఈ విషయం తెలిసినప్పుడు వెర్డెన్ అంకె కన్నా ఇదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

ఇక ఐస్‌లాండ్. ఇక్కడ కథ సుమారు 1000వ సంవత్సరంలో ఆల్‌థింగ్ అనే వార్షిక సభలో జరిగింది. దీన్ని మనకి చెప్పినవాడు ఆరీ థోర్గిల్సన్ అనే పూజారి, నూట పాతికేళ్ల తర్వాత. ఈ మార్పుని శాంతియుతం అని మెచ్చుకోవడం మామూలే గానీ, అది పూర్తి నిజం కాదు. నార్వే రాజు ఓలావ్ ట్రిగ్వసన్ పెద్దింటి ఐస్‌లాండ్ వాళ్లని కొందరిని తన దగ్గర పట్టి ఉంచుకున్నాడు. మతం మారకపోతే వాళ్ల గతేమిటో అందరికీ తెలుసు. సభలో రెండు వర్గాలూ మీ చట్టం మీది, మా చట్టం మాది అని విడిపోయాయి. కొట్లాట తప్పదనుకున్నారు.

అప్పుడు నిర్ణయం థోర్గేర్ చేతికి వచ్చింది. సభలో చట్టం చదివి వినిపించే అధికారి అతను. పాత మతస్థుడు. తన గుడారంలోకి వెళ్లి, దుప్పటి కప్పుకుని, ఆ పగలంతా, రాత్రంతా ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడట. పొద్దున్నే లేచి, చట్టం రెండుగా చీలితే శాంతి కూడా చీలుతుందని చెప్పి, తన తీర్పుకి కట్టుబడతామని ఇరువైపులా ఒప్పించాకే తీర్పు చెప్పాడు: అందరూ బాప్తిస్మం తీసుకోవాలి. కానీ మూడు మినహాయింపులు. గుర్రం మాంసం తినొచ్చు. అక్కర్లేని పసిబిడ్డల్ని బయట వదిలేసే పాత ఆచారం సాగుతుంది. చాటుగా పాత దేవుళ్లకి బలి ఇచ్చుకోవచ్చు, సాక్షులు దొరికితేనే శిక్ష. గుర్రం మాంసం చిన్న విషయం కాదు. అది బలి విందుల్లో తినేది. పోప్ గ్రెగరీ III 732లోనే దాన్ని ఆపించమని జర్మనీలో ఉన్న బోనిఫేస్‌కి రాశాడు. చాలామంది బాప్తిస్మానికి చన్నీళ్లు వద్దని, ఇళ్లకి వెళ్లే దారిలో వేడినీటి బుగ్గల దగ్గర ఆ పని కానిచ్చారని తర్వాతి సాగా ఒకటి చెబుతుంది. నాకు ఈ మనుషులు చాలా దగ్గరివాళ్లలా అనిపిస్తారు.

కొన్నేళ్లకే ఆ మినహాయింపులు ఎత్తేశారు. కానీ ముఖ్యమైనది ఒకటి మారలేదు. నిన్నటిదాకా బలి విందులు నడిపించిన పెద్దలే తమ భూముల్లో చర్చిలు కట్టించారు, తమ పిల్లల్నే పూజారుల్ని చేశారు. కాబట్టి లాటిన్ అక్షరం నేర్చుకుని పుస్తకం రాసే పని కూడా ఆ ఇళ్లలోనే మొదలైంది. సాక్సన్ల దగ్గర అలా కాదు, అక్షరం గెలిచినవాళ్లతో వచ్చింది. 9వ శతాబ్దంలో సాక్సన్ భాషలో 'హెలియాండ్' అనే గొప్ప కావ్యం వచ్చింది, దాదాపు ఆరు వేల పాదాలు. అందులో క్రీస్తు ఒక తెగనాయకుడు, శిష్యులు అతని వీరులు. పాత ఛందస్సూ పాత వీరధర్మమూ అందులోకి చేరాయి. పాత దేవుళ్లు మాత్రం చేరలేదు.

ఐస్‌లాండ్‌లో వాళ్లని రాసిపెట్టినవాడు స్నోరీ స్టుర్లుసన్. క్రైస్తవుడు, సంపన్నుడు, రెండుసార్లు థోర్గేర్ చేసిన ఉద్యోగమే చేశాడు. అతను 1220 ప్రాంతంలో 'ఎడ్డా' రాసింది భక్తితో కాదు, కవిత్వం కోసం. పాత నార్స్ కవులు బంగారాన్ని బంగారం అనరు, 'సిఫ్ జుట్టు' అంటారు. లోకీ ఒకసారి థోర్ భార్య సిఫ్ జుట్టు కత్తిరించేస్తే, మరుగుజ్జులు బంగారంతో కొత్త జుట్టు చేసిచ్చారన్న కథ తెలియకపోతే ఆ మాట అర్థం కాదు. కథలు మరిచిపోతే తాతల పద్యాలన్నీ మూగవైపోతాయని స్నోరీ భయం. ఈ దేవుళ్లు అసలు ట్రాయ్ నుంచి వలస వచ్చిన మనుషులనీ, క్రైస్తవులు వాళ్లని నమ్మకూడదనీ ఒక హెచ్చరిక పెట్టి, ఆ చాటున కథలన్నీ చెప్పేశాడు. అతను తన వంతుగా ఎంత సర్దాడో, ఎంత కలిపాడో పండితులు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు.

ఇదంతా చదివాక పాత మతం ఓడిపోయినందుకు కన్నీళ్లు పెట్టుకోవడం సులువు. నేను పెట్టుకోను. థోర్గేర్ మినహాయింపుల్లో రెండోది బయట చలిలో వదిలేసిన పసికందులది. ఆ దేవుళ్ల రాజ్యంలో బానిసలూ ఉన్నారు. పైగా ఆ కన్నీళ్లని ఇంకొకళ్లు వాడుకున్నారు కూడా. 1935లో నాజీలు వెర్డెన్ దగ్గర 4,500 రాళ్లు పాతించి 'సాక్సన్ల వనం' అని స్మారకం చేశారు. ఆ సాక్సన్ల కథ ఒక్కటీ వాళ్లకి తెలియదు. తెలిసే దారి లేదు. అంకె ఒకటి చాలింది.

ఐస్‌లాండ్ వాళ్ల దగ్గర రాళ్లకి బదులు 45 ఆకుల చిన్న తోలు పుస్తకం ఒకటుంది, కోడెక్స్ రెగియస్. దేవుళ్ల పాటలు ఎక్కువగా అందులోనే ఉన్నాయి. 1270 ప్రాంతంలో ఎవరో క్రైస్తవుడు రాశాడు. 1662లో ఒక బిషప్ దాన్ని డెన్మార్క్ రాజుకి పంపాడు. 1971 ఏప్రిల్ 21న డేనిష్ యుద్ధనౌకలో తిరిగొచ్చినప్పుడు రేక్యవిక్ రేవులో జనం వేలల్లో నిలబడ్డారు. ఆ దేవుళ్లని కొలవడానికి కాదు, ఆ పాటలు మావి అని చెప్పుకోవడానికి. మధ్యలో ఎనిమిది ఆకులు ఎప్పుడో పోయాయి. అవి ఇంకా దొరకలేదు.