గరీబు పాట: తుర్కీ జానపద సంవాద గీతాలలో ప్రేమ, వియోగం

తుర్కీ పల్లెలలో సాజ్ వాద్యం మీటుతూ పాడే గాయక కవిని 'ఆషిక్' అంటారు. ఉర్దూ పరిచయమున్న పాఠకులకు ఈ పదాన్ని వివరించనక్కరలేదు. పూర్వం చలికాలపు రాత్రులలో, కాఫీ దుకాణాలలో ఆషిక్‌లు సుదీర్ఘమైన ప్రేమగాథలు వినిపించేవారు. కథ వచనంలో సాగేది. ప్రేయసీప్రియులు ఎదురుపడగానే వచనం ఆగి పాట మొదలయ్యేది. ఆ సంవాదంలో పురుషుని మాటకూ స్త్రీ మాటకూ సాధారణంగా ఒకే గాయకుడు గొంతునిచ్చేవాడు.

వీటిలో 'కెరెమ్-అస్లీ' గాథ మిక్కిలి ప్రసిద్ధం. కెరెమ్ ముస్లిం యువకుడు; అస్లీ ఆర్మీనియన్ క్రైస్తవ మతగురువు కుమార్తె. గ్రంథప్రజల స్త్రీని ముస్లిం వివాహమాడడానికి ఖుర్ఆన్ (5:5) అనుమతిస్తున్నది. కనుక ఇక్కడ అడ్డు షరీఅత్ కాదు. రెండు సమాజాల మధ్య లేచిన గోడ. తండ్రి కుమార్తెను వెంటబెట్టుకొని ఊరూరా తప్పించుకు తిరుగుతాడు. కెరెమ్ కొండలను, కొంగలను ఆమె జాడ అడుగుతూ పాడుతాడు. చివరకు పెళ్ళి జరుగుతుంది. కాని మంత్రించిన వస్త్రానికి గుండీలు విప్పిన కొద్దీ మళ్ళీ పడిపోతుంటాయి. తెల్లవారేసరికి కెరెమ్ నిట్టూర్పే మంటయి అతన్ని దహిస్తుంది. ఆ బూడిదను తల వెంట్రుకలతో ఊడ్చబోయిన అస్లీ కూడా దగ్ధమవుతుంది. ఈ దుఃఖం ఎంతగా నాటుకున్నదంటే, జానపద సంగీతంలో ఒక రాగరీతికి 'కెరెమ్' అన్న పేరే స్థిరపడింది.

'ఆషిక్ గరీబ్' గాథ ముగింపు వేరు. 'గరీబ్' అంటే మనకు పేదవాడు. అరబీ మూలార్థం పరదేశి. ఈ కథానాయకుడు రెండూను. కన్యాశుల్కం సంపాదించడానికి ఏడేళ్ళు పరదేశంలో గడుపుతాడు. ఎదురుచూసి, ఏడ్చి తల్లి చూపు పోగొట్టుకుంటుంది. హజ్రత్ ఖిజర్ అతన్ని గుర్రంపై క్షణాలలో ఇల్లు చేరుస్తారు. ఆ గుర్రపు డెక్క కింది మట్టితో తల్లికి చూపు వస్తుంది. యూసుఫ్ (అలైహిస్సలాం) చొక్కాతో యాఖూబ్ (అలైహిస్సలాం) చూపు పొందిన ఖుర్ఆన్ వృత్తాంతం (12:96) ఇక్కడ స్ఫురించక మానదు. రష్యన్ కవి లెర్మొంతొవ్ 1837లో ఈ గాథను వ్రాసి పెట్టుకున్నాడు.

1937 నుండి అంకారా సంగీత కళాశాల బృందాలు ఊళ్ళు తిరిగి జానపద గీతాలను సేకరించాయి. ఆ కృషిలో ముఖ్యుడైన ముజఫ్ఫర్ సారీసోజెన్ (1899–1963) 1940 దశకంలో అంకారా రేడియోలో జానపద బృందగానాన్ని నడిపాడు. స్త్రీ పురుషుల గొంతులు కలిసి దేశమంతటా వినిపించాయి. అయితే రేడియోలో పాటకు దక్కింది కొద్ది నిమిషాలే. రాత్రంతా సాగే కథ వెనుకబడింది. 1961లో జర్మనీతో కార్మిక ఒప్పందం కుదిరాక లక్షలాది మంది వలస వెళ్ళారు. పరదేశవాసాన్ని తెలిపే 'గుర్బెత్' అన్న పాతమాట కొత్త పాటలలోకి వచ్చింది. 2009లో యునెస్కో ఆషిక్ సంప్రదాయాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక గాథలో బూడిద, మరొక గాథలో పునస్సమాగమం. రెండింటిలోనూ ప్రేమకు పరీక్ష ఎడబాటే. ఎడమైన ఇద్దరినీ ఒక్కచోట చేర్చగలిగింది మాత్రం ఆషిక్ గొంతు.