పుట్టి: ఒక పాత పడవ పునర్జన్మలు

సముద్రాన్ని నేను మొదటిసారి చూసినది ముప్పయ్యో ఏట, మద్రాసులో. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే భాగ్యమనుకొనే అనంతపురం జిల్లావాణ్ణి. అటువంటివాడు పడవల చరిత్ర వ్రాయబూనుకోవడం ఎంత సాహసమో నాకు తెలియకపోలేదు. అయితే ఈ పడవతో నాకొక పాత బాకీ ఉన్నది. అది తీర్చుకోవడానికే ఈ టపా.

1987వ సంవత్సరం. మిడ్ పెన్నార్ జలాశయానికి చేరువలోని ఒక పల్లెలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతికి పాఠం చెబుతూ, పాత కొలతల ప్రస్తావన వచ్చి, "పుట్టి అనగా ఇరవై తూములు" అన్నాను. చివరి బల్ల మీది పిల్లవాడొకడు లేచి నిలబడి, "సార్, పుట్టి అంటే పడవ కదా సార్" అన్నాడు. వాడి తండ్రి జలాశయంలో చేపలు పట్టేవాడు. నాకప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళే. పండిత పరీక్ష నెగ్గిన గర్వం ఇంకా పచ్చిగానే ఉన్నది. "పడవలో ధాన్యం కొలుస్తార్రా మీ ఇంట్లో?" అన్నాను. తరగతి అంతా గొల్లున నవ్వింది. వాడు కూర్చున్నాడు. మరి రెండు రోజులు బడికి రాలేదు.

ఆ సాయంత్రమే నిఘంటువు తిరగవేశాను. రెండర్థాలూ ఉన్నాయి. ధాన్యపు కొలత ఒకటి, హరిగోలు మరొకటి. హరిగోలంటే వెదురుతో అల్లి, పైన తోలు కప్పిన గుండ్రని బుట్ట పడవ. మా రాయదుర్గం ప్రాంతం 1953 దాకా బళ్ళారి జిల్లాలోనిది కనుక ఇంట్లో సగం మాటలు కన్నడమే. హరిగోలు అన్న మాట నేను చిన్ననాటి నుండి ఎరిగినదే. పుట్టి, హరిగోలు ఒక్కటేనని తోచకపోవడమే నా పాండిత్యం.

ఈ రెండర్థాలలో ఏది ముందో, ఒకదాని నుండి మరొకటి పుట్టినదో లేదో తేల్చే శక్తి నాకు లేదు. భాషాశాస్త్రం బాగా తెలిసిన మిత్రులెవరైనా చెబితే సంతోషిస్తాను. పడవ సంగతి మాత్రం కొంత చదివాను, కొంత కన్నాను.

మొదట చదివినది చెబుతాను. డొమింగో పేస్ అనే పోర్చుగీసు వర్తకుడు 1520 ప్రాంతంలో, శ్రీకృష్ణదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చాడు. అతడి కథనాన్ని రాబర్ట్ సూయెల్ 1900లో వెలువరించిన గ్రంథంలో ఇంగ్లీషులోకి తెచ్చి ప్రచురించాడు. ఆనెగొంది దగ్గర జనం నదిని బుట్టల వంటి గుండ్రని పడవలలో దాటుతారని పేస్ వ్రాశాడు. లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు. ఒక్కొక్క దానిలో పదిహేను ఇరవై మంది పడతారట. అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ కూడా ఎక్కిస్తారట, కాని అవి చాలావరకు ఈదుకుంటూనే పోతాయట. తెడ్డు వేస్తుంటే పడవ గిరగిర తిరుగుతూనే ఉంటుందనీ, తక్కిన పడవల వలె తిన్నగా పోలేదనీ చెప్పి, ఈ రాజ్యంలో ఏరులున్న చోట్ల ఇవి తప్ప వేరే పడవలు లేవని ముగించాడు. ఏనుగులూ, రత్నాలూ, మహర్నవమి వేడుకలూ చూసి నివ్వెరపోయిన ఆ మనిషి ఒక బుట్ట పడవ కోసం అన్ని వాక్యాలు ఖర్చుపెట్టడం నాకెంతో ముచ్చటగా తోస్తుంది.

అది తిరగడానికి కారణం దాని ఆకారమే. దానికి ముందూ వెనకా లేవు, అడుగున వెన్నుగాడి లేదు. ఒక పక్క తెడ్డు వేస్తే రెండో పక్కకు తిరగవలసిందే. అనుభవజ్ఞుడైన సరంగు ముందుకు వంగి, తెడ్డుతో నీటిని తన వైపు లాక్కుంటూ, చెరొక పక్కా మార్చి వేస్తూ ఆ తిరుగుడును అదుపులో పెడతాడు. పొడవాటి కొయ్య పడవ తుంగభద్ర వంటి బండరాళ్ళ ఏటిలో ఒక్క దెబ్బకు పగిలిపోతుంది. పుట్టి జానెడు నీటిలోనూ తేలుతుంది, రాయి తగిలితే వంగి జారిపోతుంది. ఏరు ఇంకిపోతే ఒక్క మనిషి దానిని నెత్తిన బోర్లించుకొని ఇంటికి తెచ్చుకుంటాడు. ఎండాకాలం వచ్చేసరికి నీరు అదృశ్యమయ్యే దేశానికి ఇంతకంటె తగిన పడవను ఎవరు కనిపెట్టగలరు?

పన్నెండో శతాబ్దపు శివశరణులలో అంబిగర చౌడయ్య ఉన్నాడు కదా, ఆయన వృత్తి పడవ నడపడమే. కన్నడంలో అంబిగ అంటే పడవవాడు. ఆరేడు శతాబ్దాల తరువాత ఈ పడవకు ఫిరంగుల సేవ కూడా తప్పలేదు. తరువాతి కాలంలో వెల్లింగ్టన్ ప్రభువై 1815లో వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన ఆర్థర్ వెల్లెస్లీ, 1803లో మరాఠాల మీదికి సైన్యం నడిపినప్పుడు నదులు దాటడానికి ఇటువంటి బుట్ట పడవలను సిద్ధం చేయించుకున్నాడు. మద్రాసు రాజధాని మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1930లలో దక్షిణ దేశపు బుట్ట పడవల మీద ప్రత్యేకంగా వ్యాసం వ్రాశాడు. ఇంతమంది దొరలు గుర్తించిన వస్తువును తెలుగు పండితుడు గుర్తించలేదు.

గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ చెప్పిన ముచ్చట మరీ పాతది, క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దం నాటిది. ఆర్మీనియా వర్తకులు కొయ్య కమ్మీలతో చట్రం కట్టి, తోళ్ళు కప్పి, గడ్డి పరచి, గుండ్రని పడవలలో సరుకుతో బాబిలోను నగరానికి దిగివచ్చేవారట. ప్రతి పడవలోనూ ఒక గాడిద ఉండేదట! ఏటికి ఎదురు పోవడం ఆ పడవల తరం కాదు. అందుచేత సరుకు అమ్మాక, చట్రాన్నీ గడ్డినీ కూడా అక్కడే అమ్మేసి, తోళ్ళను గాడిద మీద వేసుకొని నడిచి ఇంటికి పోయి, అదే తోలుతో మళ్ళీ కొత్త పడవ కట్టేవారట. ఇది చదివినప్పుడు నాకు మా తాతగారి బావి గుర్తుకు వచ్చింది. ఎందుకో చెబుతాను.

మా ఊరు హగరి ఒడ్డున ఉన్నది. వేదవతి అని గొప్ప పేరే గాని, ఏటిలో ఇసుకే తప్ప నీరు కనబడేది తక్కువ. మా తాతగారు కపిలతో తోట తడిపేవారు. ఎద్దులు ఏటవాలు బాట మీద కిందికి నడిస్తే, తోలు బాన బావిలో నుండి నీటితో పైకి వచ్చి తొట్టిలో కుమ్మరించేది. నాకు పదేళ్ళ వయసులో బావికి కరెంటు మోటారు వచ్చింది. కపిల మూలపడింది. ఆ తోలు బానను తాతగారు పారవేయలేదు. భైరవానితిప్ప జలాశయంలో చేపలు పట్టే ముసలాయన ఒకడు వచ్చి, దానిని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు చేపలకు బేరం కుదుర్చుకుని పట్టుకుపోయాడు. మేము చేపలు తినేవాళ్ళము కాదు. అవి ఎద్దులు కాసే అతని ఇంటికి వెళ్ళాయి. తోలు ముసలాయన పుట్టికి మాసికయింది. బావిలో ఇరవయ్యేళ్ళు నీరు తోడిన తోలు, తరువాత నీటి మీద మనుషులను మోసిందన్న మాట. ఆర్మీనియా వర్తకుడి తోలు గాడిదనెక్కితే, మా తాతగారి తోలు పుట్టినెక్కింది.

సరే, 1987కు తిరిగి వద్దాము. పిల్లవాడు రెండో రోజూ రాకపోయేసరికి సాయంకాలం జలాశయం ఒడ్డుకు నేనే వెళ్ళాను. వాడి తండ్రి పుట్టిని బోర్లించి, కింద చితుకుల మంట పెట్టి డబ్బాలో తారు కాస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, "అయివారూ, మావాడు మీకు ఎదురు మాట్లాడినాడంట. నాలుగు తగిలించాల్సింది" అన్నాడు. తప్పు నాదని ఆ క్షణాన చెప్పవలసింది. చెప్పలేదు. మాట మార్చి, పుట్టి ఎట్లా చేస్తారని అడిగాను.

ఆయన చెప్పుకొచ్చాడు. వెదురు చీల్చి అల్లేది మేదరివాళ్ళు. ముందు నేల మీద బద్దలను అడ్డంగా నిలువుగా పరచి అడుగు అల్లి, దాని మీద రాళ్ళు పెట్టి, అంచులు పైకి వంచి చుట్టూ దండెకట్టు వేస్తారు. "తోలుది మా నాయన కాలంలో అయివారూ. తోలయితే దినామూ ఒడ్డుకు తెచ్చి ఎండబెట్టల్ల, నూనె పూయల్ల, లేకుంటే కుళ్ళి వాసన కొడుతుంది. కుక్కలు కొరుకుతాయి. ఇప్పుడు ఇవే మాకు తోలు" అని పక్కన ఉన్న కట్టను చూపించాడు. అన్నీ ఖాళీ యూరియా సంచులు. రైతుల దగ్గర తెచ్చుకొని, విప్పి, ఒకదానికొకటి కుట్టి, పుట్టికి తొడిగి, పైన తారు పూస్తాడు. అడుగున ఒక సంచి మీద ఎరువు పేరు తెలుగు అక్షరాలలో తలకిందులుగా కనబడుతూ ఉన్నది. నేను పాఠం చెప్పే అక్షరాలే. ఒడ్డు మీద మునగదీసుకుని కూర్చున్న పిల్లవాడు నా వైపు చూడలేదు.

మరునాడు వాడు బడికి వచ్చాడు. "పుట్టి అంటే పడవ అనే అర్థం కూడా కలదు, వ్రాసుకోండి" అన్నాను తరగతితో. నేను పొరబడ్డానని మాత్రం అనలేదు. ఉపాధ్యాయులు చేసే దొంగతనాలలో ఇది చాలా సాధారణమైనది.

మిడ్ పెన్నార్‌లో నిలిచే నీరు చాలావరకు పెన్నది కాదు, తుంగభద్రది. హోస్పేట దగ్గర ఆనకట్ట పని 1945లో మొదలై 1953 నాటికి నీరు వదిలారు. అక్కడి నుండి ఎగువ కాలువ మా జిల్లాకు వచ్చింది. అంటే పేస్ చూసిన ఏటి నీరే మా మెట్ట మీదికి వచ్చి నిలిచింది. ఆ నీటి వెంటే ఆ ఏటి పడవ కూడా వచ్చి రేవు పడవ వృత్తి మాని చేపల పడవగా రెండో బ్రతుకు మొదలుపెట్టిందేమో అని నా ఊహ. వంతెనలు కట్టాక పుట్టి పని ముగిసిందనుకున్న చోట కూడా అది అంత తేలికగా పోలేదు. ఆనెగొంది దగ్గర ఏళ్ళ తరబడి కడుతూ వచ్చిన వంతెన 2009 జనవరిలో కూలి పనివాళ్ళు చనిపోయారు. దాని పక్కనే, కృష్ణరాయల నాటి పుట్టి జనాన్ని దాటిస్తూ ఉండిపోయింది. హంపికి వచ్చే యాత్రికులను ఎక్కించుకొని గిరగిర తిప్పి చూపడం దానికి వచ్చిన మరొక కొలువు. పేస్ లోపమనుకున్న తిరుగుడుకే ఇప్పుడు టిక్కెట్టు!

కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడు ఒకసారి ఫోటో పంపాడు. తెరచాప కట్టి గాలితో నడిపే పలకలట. 1968లో ఇద్దరు అమెరికన్లు, ష్వైట్జర్, డ్రేక్ అనేవాళ్ళు, పేటెంటుకు పెట్టుకున్నారు. 1984 నాటికి ఒలింపిక్సుకు ఎక్కింది ఆ ఆట. ఆ తరువాత పొట్టివీ తేలికవీ వచ్చి, పొడుగాటి పాత పలకలు కొట్టాలలో మూలపడ్డాయి. వాటి తెరచాప కొయ్య ఊడదీసి, నడిమి చీలిక పూడ్చి, అలల మీద నిలబడి తెడ్డు వేసుకొనే పలకలుగా కొందరు మళ్ళీ సముద్రంలోకి దించుతున్నారట. "మామా, మీకిది వింతగా ఉంటుంది" అని వ్రాశాడు. వింత ఏమున్నదిరా, మీ తాత కపిల తోలు కథ నీకు తెలియదు అని జవాబిచ్చాను.

ఇప్పుడు పుట్టికి ఫైబరు ఒళ్ళు వచ్చింది. వెదురు లేదు, మేదరి లేడు, తారు లేదు. తేలిక, చాలాకాలం మన్నుతుంది, కుక్కలు కొరకవు. నాకు వెదురు పుట్టి మీద మమకారం ఉన్న మాట నిజమే గాని, ప్రతి ఏడూ తారు పొగ మింగి దగ్గినవాడికి ఆ మమకారాన్ని ఉపదేశించడానికి నేనెవరిని? విరిగిన ఫైబరు పుట్టి మట్టిలో కలవదన్న దిగులు మాత్రం ఉన్నది. వెదురు పుట్టి చివరికి పొయ్యిలోకైనా పనికివచ్చేది.

2019లో, పదవీవిరమణకు కొద్ది నెలల ముందు, పనిమీద ఆ పక్కకు వెళ్ళి జలాశయం ఒడ్డున ఆగాను. ఆ ఏడు నీరు కాస్త ఉన్నది. నడివయసు మనిషి ఒకడు వల దులుపుతూ నన్నే తేరిపార చూసి, దగ్గరికి వచ్చి, "తెలుగు సార్ కదా" అన్నాడు. జుట్టు నెరిసింది గాని ఆ కళ్ళు చివరి బల్లవే. తండ్రి పోయి పదేళ్ళయిందట. పాత వెదురు పుట్టి ఒడ్డున బోర్లించి ఉన్నది. దాని అంచున ఒక రాయి ఎత్తుపెట్టారు. లోపల నుండి కోడి ఒకటి పిల్లలతో బయటికి వచ్చింది.

"నాయనా, ఆనాడు నేను చెప్పిందే తప్పు" అన్నాను. ముప్పై రెండేళ్ళు పట్టింది ఆ వాక్యానికి.

వాడు నవ్వి, ఫైబరు పుట్టిని నీటిలోకి తోసి, అంచు పట్టుకొని నిలబడ్డాడు. "ఇరవై తూములు పట్టదు గానీ సార్, ఇద్దరం పడతాము. నడిమధ్యన కూర్చోండి, అంచు పట్టుకోవద్దు" అన్నాడు. కూర్చున్నాను. నాలుగు తెడ్లు పడేసరికి ఒడ్డూ, గుట్టా, కోడీ, నా చెప్పులూ అన్నీ నా చుట్టూ మెల్లగా తిరగసాగాయి.