1043వ ఫ్రేమ్

మాదాపూర్‌లో రాత్రి 9.30. లాస్ ఏంజెలిస్‌లో అదే రోజు ఉదయం 9. ఎండాకాలం కాబట్టి సరిపోయింది, చలికాలమైతే ఈ కాల్ ఇంకో గంట ఆలస్యంగా మొదలయ్యేది. రివ్యూ రూములో లైట్లు ఆర్పేశాం. ఏసీ చలికి చున్నీ భుజాల నిండా కప్పుకుని, ట్రాకర్ తెరిచి పెట్టుకున్నాను. లిస్టులో 14 షాట్లు. రేపు సాయంత్రానికి లైటింగ్ వాళ్లకి అందాలి.

మొదటి ఆరూ చకచకా అయిపోయాయి. స్పీకర్‌లోంచి డైరెక్టర్ "అప్రూవ్డ్" అన్నప్పుడల్లా ట్రాకర్‌లో ఒక గడి పచ్చబడుతోంది.

ఏడోది షాట్ 120. అవ్వ నీళ్ల బకెట్ తెచ్చి గట్టు మీద పెడుతుంది. అంతే. 1001 నుంచి 1096 దాకా 96 ఫ్రేములు, సెకనుకు 24 చొప్పున నాలుగు సెకన్లు. నా పక్కన కూర్చున్న యానిమేటర్ కుర్రాడు దీని మీద ఎనిమిది రోజులు పెట్టాడు. ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

"బరువు తెలియట్లేదు," అన్నాడు డైరెక్టర్.

షాట్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. అవ్వ బకెట్ దించుతూనే ఉంది. ఈ ఒక్క మాటే నోట్స్‌లో రాసి పంపితే, కుర్రాడు తెల్లవార్లూ నడక దగ్గర్నుంచి తవ్వుకుంటాడు. బాగున్నవి కూడా చెడతాయి. డెడ్‌లైన్లు తప్పడం నేను చూసింది ఎక్కువగా ఇలాంటి చోటే. మ్యూట్ తీసి అడిగాను, ఏ ఫ్రేము దగ్గర అనిపిస్తోందని.

ఒక్కో ఫ్రేమే జరిపారు. 1041. 1042. 1043లో బకెట్ అడుగు గట్టుకి ఆనింది. అదే ఫ్రేములో చెయ్యి ఆగింది, భుజమూ ఆగింది.

"అక్కా, భుజం వెంటనే ఆగకూడదు," కుర్రాడే గొణిగాడు. "బరువు దిగాక కొంచెం పైకి తేలాలి."

అతని మాటే డైరెక్టర్‌కి చెప్పాను. అవునన్నాడు. నోట్ రాసి చదివి వినిపించాను: 1043లో బకెట్ ఆనాక భుజం మూడు నాలుగు ఫ్రేముల్లో తేలాలి, మిగతాది ముట్టుకోవద్దు. ఆ చివరి ముక్కకి కూడా సరేననిపించుకున్నాకే తర్వాతి షాట్‌కి వెళ్లనిచ్చాను.

భుజం మారితే అవ్వ శాలువా కూడా మారుతుంది. క్లాత్ సిమ్యులేషన్ అప్రూవైన యానిమేషన్ మీదే నడవాలి. అందుకే ఈ రాత్రి 120 స్థానంలో ఇందాకే పచ్చబడ్డ 90ని క్యూలో పెట్టించాను. 120కి రేపు మధ్యాహ్నం దాకా సమయం దొరికింది.

కాల్ అయ్యేసరికి 10.40. ప్యాంట్రీలో చప్పుడు వినిపించి వెళ్లి చూశాను. కుర్రాడు 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి గట్టు మీద దించుతున్నాడు. దించి, తన కుడి భుజం వైపే చూసుకుంటున్నాడు.

"ఉండు," అని ఫోన్ తీసి కెమెరా ఆన్ చేశాను. "ఇంకోసారి దించు."